పొరల బార్స్ ఇంట్లోనే: అడుగున బిస్కెట్, నడుమ క్యారమెల్, పైన చాక్లెట్

నేను మొదటిసారి చేసిన పొరల బార్స్ ట్రేలో ఉన్నంతసేపూ బ్రహ్మాండంగా కనిపించాయి. పైన చాక్లెట్ నిగనిగలాడిపోతోంది. ఫ్రిజ్‌లోంచి తీసి కత్తి పెట్టానో లేదో, ‘టక్’మంది. చాక్లెట్ పొర అయిదారు పెచ్చులుగా పగిలింది. ఒక పెచ్చు క్యారమెల్ మీద నుంచి పెంకులా జారి ప్లేటులో పడింది. ఇంకోచోట గట్టిగా నొక్కితే క్యారమెల్ పక్కలకు ఉబికి వచ్చింది. రుచికి ఏ లోటూ లేదు, ఇంట్లోవాళ్లు స్పూన్లు తెచ్చుకుని మరీ తినేశారు. కానీ వాటిని బార్స్ అనడానికి నాకే నోరు రాలేదు.

మళ్లీ మళ్లీ చేశాక అర్థమైంది. మూడు పొరల్లో ఏదీ విడిగా కష్టమైన పని కాదు. బిస్కెట్ పిండి పిల్లలు కూడా కలుపుతారు, చాక్లెట్ కరిగించడం పది నిమిషాల పని. చిక్కల్లా ఒక పొర మీద ఇంకో పొర పోసే వేళ దగ్గర ఉంది. కింది పొర ఏ వేడిలో ఉండగా పై పొర పడింది, మధ్యలో ఎంతసేపు ఆగాం అనేదాన్ని బట్టే బార్ నిలబడుతుంది, లేదా విడిపోతుంది. అందుకే ఇక్కడ కొలతలతో పాటు ఎదురుచూపుల గురించి కూడా కాస్త ఎక్కువే చెబుతాను. పొయ్యి దగ్గర, ఓవెన్ దగ్గర కలిపి గంటంబావు పని. ఆరబెట్టడానికి ఇంకో మూడు నుంచి నాలుగు గంటలు వేసుకోండి. సాయంత్రం చుట్టాలు వస్తుంటే మధ్యాహ్నం మొదలుపెట్టకండి, ముందు రోజే చేసేయండి.

కావలసినవి

ఈ కొలతలు 20 సెంటీమీటర్ల చదరపు ట్రేకి సరిపోతాయి.

బిస్కెట్ పొరకు: మైదా 180 గ్రాములు, చల్లటి బటర్ 120 గ్రాములు, పంచదార పొడి 50 గ్రాములు, ఉప్పు పావు టీస్పూన్.

క్యారమెల్‌కు: కండెన్స్‌డ్ మిల్క్ 400 గ్రాముల డబ్బా ఒకటి, బటర్ 110 గ్రాములు, బ్రౌన్ షుగర్ 100 గ్రాములు, గోల్డెన్ సిరప్ గానీ కార్న్ సిరప్ గానీ రెండు టేబుల్ స్పూన్లు, ఉప్పు అర టీస్పూన్.

చాక్లెట్ పొరకు: డార్క్ చాక్లెట్ 160 గ్రాములు, వాసన లేని నూనె రెండు టీస్పూన్లు.

ఉప్పు వేసిన బటరే ఉంటే పై రెండు చోట్లా ఉప్పు మానేయండి. సిరప్ దొరక్కపోతే తేనె వేయొచ్చు, కాకపోతే తేనె రుచి తెలుస్తూనే ఉంటుంది. బొత్తిగా మానేయడం మాత్రం నేను ఒప్పుకోను. సిరప్‌లో ఉండే గ్లూకోజ్, పంచదార మళ్లీ గట్టిపడి పలుకులు కట్టకుండా అడ్డుపడుతుంది. అది వేయకుండా చేసిన క్యారమెల్ మూడో రోజుకి నాలుక మీద ఇసుకలా తగలొచ్చు.

కప్పుల లెక్క కావాలని చాలామంది అడుగుతారు. నా సలహా ఒకటే, చిన్న డిజిటల్ త్రాసు కొనుక్కోండి. కప్పు మైదా తేలిగ్గా పోస్తే 120 గ్రాములు, కుక్కి పోస్తే 150 గ్రాములు తూగుతుంది. ఆ 30 గ్రాముల తేడా చాలు, మెత్తగా కరిగిపోవలసిన అడుగు పొర సున్నంలా పొడిబారడానికి.

ట్రే లోహంతో చేసినది, అంచులు నిటారుగా ఉన్నదైతే మంచిది. గాజు ట్రే ఆలస్యంగా వేడెక్కుతుంది, ఒకసారి వేడెక్కితే తొందరగా చల్లారదు. గాజుదే వాడితే ఓవెన్ వేడి ఒక 15 డిగ్రీలు తగ్గించి, రెండు మూడు నిమిషాలు ఎక్కువ ఉంచండి. క్యారమెల్‌కు అడుగు మందంగా ఉన్న గిన్నె తప్పనిసరి. థర్మామీటర్ ఉంటే పని హాయిగా సాగుతుంది, లేకపోతే చేసే ఉపాయం కింద చెప్పాను.

అడుగు పొర

ఓవెన్‌ని 170 డిగ్రీల సెల్సియస్‌కి పెట్టి ముందుగా వేడిచేయండి. ఫ్యాన్ తిరిగే రకమైతే 150 చాలు. ఈలోపు ట్రేకి బేకింగ్ పేపర్ పరవండి. ట్రే వెడల్పుకి సరిపోయే రెండు పట్టీలు కత్తిరించి ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా వేయండి. నాలుగు వైపులా పేపర్ నాలుగు వేళ్ల ఎత్తు బయటికి రావాలి. చివర్లో మొత్తం దిమ్మను బయటికి ఎత్తడానికి అవే పట్టుకొమ్మలు. పేపర్ కింద అక్కడక్కడ కాస్త బటర్ రాస్తే జరగకుండా అంటుకుని ఉంటుంది.

మైదా, పంచదార పొడి, ఉప్పు కలిపి, చల్లటి బటర్‌ని చిన్న ముక్కలుగా కోసి అందులో వేయండి. వేళ్ల కొసలతో నలపాలి. అరచేతులు పెడితే ఆ వేడికి బటర్ కరిగిపోతుంది. ఏడెనిమిది నిమిషాల్లో పిండి తడి ఇసుకలా తయారవుతుంది. పిడికిట్లో పట్టి నొక్కితే ముద్ద కట్టాలి, ఆ ముద్దని వేలితో పొడిస్తే విరిగిపోవాలి. అక్కడితో ఆపేయండి. పొడిగా ఉందనిపించి నీళ్లు చల్లబుద్ధేస్తుంది, చల్లకండి. మైదాకి నీళ్లు తగిలి, పైగా పిసికితే గ్లూటెన్ (పిండికి సాగే గుణం ఇచ్చే ప్రొటీన్) సాగుతుంది. ఇప్పటిదాకా మనం చేసిందంతా పిండి రేణువులకి బటర్ పూత పట్టించి, ఆ సాగుడు రాకుండా చూసుకోవడమే. నోట్లో వేసుకోగానే పొడిపొడిగా కరగడానికి కారణం అదే.

పిండిని ట్రేలో పోసి సమంగా పరిచి, అడుగు చదునుగా ఉన్న గ్లాసుతో గట్టిగా అదమండి. మూలలు మర్చిపోతాం, అక్కడ వేళ్లతో నొక్కండి. ఎక్కడైనా వదులుగా ఉంటే కోసేటప్పుడు సరిగ్గా అక్కడే రాలిపోతుంది. తర్వాత ఫోర్కుతో అంగుళానికొకటి చొప్పున గాట్లు పెట్టండి. పిండిలోంచి వచ్చే ఆవిరి వాటిగుండా పోతుంది, లేకపోతే మధ్యలో బొబ్బలా లేస్తుంది. పదిహేను నిమిషాలు ఫ్రిజ్‌లో ఉంచి, ఓవెన్‌లో మధ్య అరలో పెట్టండి.

25 నుంచి 30 నిమిషాలు పడుతుంది. గడియారం కంటే రంగునే నమ్మండి. అంచులు బంగారు రంగుకి తిరగాలి, నడిమి భాగం కూడా తెలుపు వదిలి లేత గోధుమ రంగులోకి రావాలి. మాడుతుందేమోనని టెన్షన్‌తో తెల్లగా ఉండగానే తీసేయడం కొత్తలో అందరూ చేసే పని. అలాంటి పొర మీద క్యారమెల్ పడితే రెండో రోజుకి మెత్తబడి, పచ్చి పిండి వాసన కొడుతుంది. మీకు సరిపోయిందనిపించాక ఇంకో మూడు నిమిషాలు ఆగండి. తీసేటప్పుడు మెత్తగా ఉంటే కంగారు పడొద్దు, చల్లారాక గట్టిపడుతుంది.

క్యారమెల్: పక్కకి తప్పుకోకూడని పదిహేను నిమిషాలు

బిస్కెట్ పొర బయట చల్లారుతుండగా క్యారమెల్ మొదలుపెట్టండి. ఇది పూర్తయ్యేసరికి అడుగు పొర గోరువెచ్చగా ఉంటుంది, మనకి కావలసింది అదే. పూర్తిగా చల్లబడ్డ బిస్కెట్ కంటే వెచ్చగా ఉన్న బిస్కెట్‌నే క్యారమెల్ బాగా పట్టుకుంటుంది.

మొదలుపెట్టే ముందు ఫోన్ పక్క గదిలో పెట్టేయండి. హాస్యానికి అనడం లేదు. నా గిన్నె మాడిన రెండుసార్లూ కారణం ఫోనే. ఇంకొక మాట, ఈ పాకం మరిగే నీళ్లకంటే వేడిగా ఉంటుంది, పైగా ఒంటిమీద పడితే జారదు, అతుక్కుంటుంది. చిన్నపిల్లల్ని దగ్గరికి రానివ్వకండి, పొడవాటి గరిటె వాడండి. పొరపాటున పడితే వెంటనే చేయి పంపు కింద పెట్టి ఇరవై నిమిషాలు చల్లటి నీళ్లు పారనివ్వాలి. ఐస్ పెట్టకూడదు.

ముందుగా బటర్, బ్రౌన్ షుగర్ మాత్రమే గిన్నెలో వేసి సన్నమంట మీద కరిగించండి. గరిటె అడుగున గరగరలాడకుండా జారుతుంటే పంచదార కరిగినట్టు లెక్క. అప్పుడు సిరప్, కండెన్స్‌డ్ మిల్క్ పోసి మంటను సన్నానికి, మధ్యస్థానికి నడుమ పెట్టండి. ఇక కలపడం ఆపకూడదు. చివర చదునుగా ఉండే సిలికాన్ గరిటె అయితే గిన్నె అడుగంతా ఊడ్చినట్టు వస్తుంది. గుండ్రటి స్పూన్ మూలల్ని వదిలేస్తుంది, అడుగంటేది అక్కడే.

కండెన్స్‌డ్ మిల్క్ అంటే నీళ్లు చాలా వరకు పోయి, పంచదార దండిగా ఉన్న పాలు. పాలలోని ప్రొటీన్లు, చక్కెరలు వేడికి కలిసి ఎర్రబడటమే మనకి కావలసిన రంగు, కమ్మదనం. అదే చర్య గిన్నె అడుగున శ్రుతిమించితే మాడుతుంది. అందుకే మంట పెంచి తొందరపడే వీలు లేదు.

గిన్నెలోకి చూస్తూ ఉంటే దశలు తెలుస్తాయి. మొదటి నాలుగైదు నిమిషాలు పల్చగా, పాలపొంగులా చిన్న బుడగలు. తర్వాత రంగు మీగడ నుంచి లేత గోధుమకి మారుతుంది, గరిటెకి బరువు తగులుతుంది. ఇంకాసేపటికి బుడగలు పెద్దవై, బద్ధకంగా ‘బుడుక్, బుడుక్’మంటూ పగులుతాయి. గరిటెతో అడుగున గీత గీస్తే గిన్నె అడుగు ఒకటి రెండు సెకన్లు కనబడి, ఆ తర్వాత మూసుకుంటుంది. థర్మామీటర్ ఉంటే 107, 108 డిగ్రీల దగ్గర ఆపండి. లేకపోతే చిన్న గిన్నెలో చల్లటి నీళ్లు పెట్టుకుని, ఒక చుక్క అందులో వేసి చూడండి. నీళ్లలో కరిగిపోతే ఇంకా కావాలి. వేళ్లతో దగ్గరికి తీస్తే మెత్తటి ఉండ కట్టి, బయటికి తీయగానే వేలి మీద సాగిలపడితే సరిగ్గా వచ్చినట్టు. ఉండ నిటారుగా నిలబడిందంటే ఒక మెట్టు దాటింది. అప్పుడే దింపేస్తే బార్స్ కాస్త గట్టిగా వస్తాయి, పర్లేదు. 115 దాటితే మాత్రం పళ్లకి అతుక్కునే టాఫీయే మిగులుతుంది.

చుక్క పరీక్ష చేసే ప్రతిసారీ గిన్నెను పొయ్యి మీద నుంచి పక్కకి జరపండి. మనం నీళ్లలో వెతుక్కునే అర నిమిషంలో పాకం ఊరుకోదు.

మధ్యలో ముదురు గోధుమ రంగు తునకలు తేలితే అడుగంటుతోందన్నమాట. గోకకండి. గోకితే మాడంతా పైకి వస్తుంది. పైపైది జల్లెడ గుండా వేరే గిన్నెలోకి వంపి, ఇంకాస్త సన్న మంట మీద కొనసాగించండి. నూనె తేలి పాకం విరిగినట్టు కనిపిస్తే దింపి, ఒక టేబుల్ స్పూన్ వేడినీళ్లు పోసి విస్క్‌తో గట్టిగా గిలకొట్టండి. చాలావరకు మళ్లీ కలిసిపోతుంది.

దింపాక ఉప్పు కలిపి, బుడగలు అణగగానే బిస్కెట్ మీద పోయండి. ట్రేని అటూ ఇటూ వంచుతూ సర్దితే మూలలకి దానంతటదే పాకుతుంది. గరిటెతో ఎక్కువ రుద్దితే అడుగు పొర పొడి పైకి లేస్తుంది.

ఇక ఆగాలి. గంట, గంటన్నర బయటే ఉంచండి. పొగలు కక్కుతుండగానే ఫ్రిజ్‌లో పెడితే పైన తడి పేరుకుంటుంది, ఆ తడి మీద చాక్లెట్ నిలవదు. గోరువెచ్చన కూడా తగ్గాక అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి.

చాక్లెట్ జారిపోకుండా

మొదట్లో చెప్పిన నా పెంకు కథకి కారణం ఈ మెట్టులోనే ఉంది. ఆ రోజు క్యారమెల్ రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంది. అంత చల్లటి దాని మీద వేడి చాక్లెట్ పోశాను. పడగానే గడ్డకట్టింది, గడ్డకడుతూ కుంచించుకుపోయింది, కింద పొరని పట్టుకునే వ్యవధే దానికి దొరకలేదు. క్యారమెల్ పైన ఎటూ జిడ్డుగా, నున్నగా ఉంటుంది. దాని మీద అద్దంలాంటి పలక ఎలా నిలుస్తుంది?

అందుకని ఫ్రిజ్‌లోంచి తీసిన ట్రేని పదిహేను, ఇరవై నిమిషాలు బయట ఉంచండి. పైన తడి కనిపిస్తే టిష్యూతో అద్దండి. ఫోర్కు తీసుకుని క్యారమెల్ మీద సన్నగా గీతలు గీయండి. లోతుగా వద్దు, పిల్లి గీరినట్టు ఉంటే చాలు. చాక్లెట్ ఆ గీతల్లోకి దిగి పట్టు దొరకబుచ్చుకుంటుంది.

చాక్లెట్‌ని సన్నగా తరిగి గిన్నెలో వేసి, మరిగి దింపిన నీళ్ల మీద పెట్టండి. పై గిన్నె అడుగు నీళ్లకి తాకకూడదు, ఆవిరి తగిలితే చాలు. గిన్నె, గరిటె పొడిగా ఉండాలి. కరుగుతున్న చాక్లెట్‌లో నాలుగు చుక్కల నీళ్లు పడితే బిగుసుకుపోయి మట్టి ముద్దలా అవుతుంది. మైక్రోవేవ్‌లో అయితే ఇరవయ్యేసి సెకన్లు పెట్టి తీసి, ప్రతిసారీ కలుపుతూ ఉండండి. మూడొంతుల్లో రెండొంతులు కరగగానే ఆపేసి, మిగతాది ఆ వేడికే కరగనివ్వండి. నూనె కలపండి. రెండు టీస్పూన్ల నూనెతో చాక్లెట్ కాస్త మెత్తబడి, కత్తి పెట్టినప్పుడు పగలకుండా తెగుతుంది. నేతి వాసన, నువ్వుల నూనె ఘాటు ఇక్కడ నప్పవు.

ఎక్కువ మెరుపు, ‘టప్’మని విరిగే గుణం కావాలంటే టెంపరింగ్ చేయాలి. డార్క్ చాక్లెట్‌ని 45 డిగ్రీల పైకి కరిగించి, 27, 28కి చల్లార్చి, మళ్లీ 31, 32కి తేవాలి. విడి చాక్లెట్ల తయారీకి అది సరే. బార్స్‌కి మాత్రం నాకు అంత అవసరం అనిపించలేదు. కోసేటప్పుడు విరగకూడదనే కదా నూనె కలుపుతున్నాం!

పై పెదవికి కాస్త తాకించి చూస్తే వేడీ చల్లనా కానట్టు ఉండాలి. అప్పుడు పోసి, ట్రేని బల్ల మీద రెండుసార్లు తట్టండి. ఇక్కడో చిన్న కిటుకు. పావుగంట, ఇరవై నిమిషాలకి చాక్లెట్ మెరుపు తగ్గుతుంది, వేలు పెడితే అంటదు కానీ ముద్ర పడుతుంది. ఆ సమయంలోనే కత్తితో చాక్లెట్ వరకు మాత్రమే గీతలు కొట్టి ముక్కల కొలత వేసేయండి. పూర్తిగా గట్టిపడ్డాక అవే గీతల వెంట తెగుతుంది.

పైన రాతి ఉప్పు పలుకులు చల్లాలనుకుంటే తడిగా ఉన్నప్పుడే, చాలా కొద్దిగా. వేయించిన జీడిపప్పు, బాదం లాంటి వాటి తురుము కూడా అంతే.

కోత

గంట ఫ్రిజ్‌లో, తర్వాత పది నిమిషాలు బయట. పేపర్ చెవులు పట్టుకుని దిమ్మ మొత్తాన్ని కోత పలక మీదికి ఎత్తండి. పొడవైన బరువు కత్తిని వేడినీళ్లలో ముంచి, పొడిగా తుడవండి. గీత మీద ఆనించి ఒక్క క్షణం ఆగితే ఆ వేడికి చాక్లెట్ లొంగుతుంది, అప్పుడు నిలువుగా కిందికి నొక్కండి. రంపంలా ఆడించకండి. ప్రతి కోతకీ ముంచడం, తుడవడం విసుగే, కానీ పక్కలు శుభ్రంగా గీతలు గీతలుగా కనిపించేది అందువల్లే. నాలుగు సెంటీమీటర్ల చొప్పున కోస్తే 25 ముక్కలు వస్తాయి. బాగా తీపి కాబట్టి అంతకంటే పెద్దవి ఎవరూ పూర్తిగా తినలేరు.

ఇదే అడుగు పొరతో మరో రెండు

జామ్ బార్స్: పిండిలో మూడో వంతు పక్కన పెట్టి మిగతాది పరిచి పావుగంట బేక్ చేయండి. దాని మీద 200 గ్రాముల చిక్కటి జామ్ పూసి, పక్కన పెట్టిన పిండిని ముద్దలు ముద్దలుగా చల్లి మళ్లీ అరగంట. మొదటిసారి చేసేవాళ్లకి అన్నిటికంటే సులువైనది ఇదే.

నిమ్మ బార్స్‌లో వేడి లెక్క తిరగబడుతుంది. మూడు గుడ్లు, 220 గ్రాముల పంచదార, 30 గ్రాముల మైదా, 120 మిల్లీలీటర్ల నిమ్మరసం, ఒక కాయ పైతొక్క తురుము నురగ రాకుండా కలిపి ఉంచుకోండి. అడుగు పొర ఓవెన్‌లోంచి వచ్చీ రాగానే, ఆ వేడి మీదే పోయాలి. వేడికి తగిలిన గుడ్డు వెంటనే గట్టిపడి, మిగతా రసం బిస్కెట్‌లోకి ఇంకకుండా ఆపుతుంది. 160 డిగ్రీల్లో 20 నుంచి 25 నిమిషాలు. ట్రే ఊపితే అంచులు కదలకూడదు, మధ్యలో మాత్రం జెల్లీలా చిన్నగా వణకాలి. పంచదార పొడి సరిగ్గా వడ్డించే ముందే చల్లండి, మరీ ముందుగా చల్లితే తడిసి మాయమవుతుంది.

నిల్వ

క్యారమెల్ బార్స్ గాలి చొరని డబ్బాలో, పొరకీ పొరకీ మధ్య బేకింగ్ పేపర్ వేసి పెడితే చల్లటి గదిలో మూడు నాలుగు రోజులు, ఫ్రిజ్‌లో వారం పైన ఉంటాయి. ఫ్రీజర్‌లో రెండు నెలలు. ఫ్రీజర్ నుంచి తీసినవి డబ్బా మూత తీయకుండానే గది వేడికి రానివ్వండి, లేకపోతే తడి పట్టి చాక్లెట్ మీద తెల్లటి మచ్చలు వస్తాయి. ఆ మచ్చల వల్ల తినడానికి నష్టమేమీ లేదు, చూడ్డానికి అందం పోతుందంతే. నిమ్మ బార్స్‌లో గుడ్డు ఉంది కాబట్టి అవి ఫ్రిజ్‌లోనే ఉండాలి, మూడు నాలుగు రోజుల్లో అయిపోవాలి.

అతిథుల ముందు పెట్టేవైతే నాలుగు వైపులా సన్నగా అంచులు కోసేయండి, ముక్కలన్నీ ఒకే తీరుగా కనిపిస్తాయి. ఆ కోసిన అంచుల్లో క్యారమెల్ కాస్త ముదిరి, బిస్కెట్ బాగా ఎర్రగా వేగి ఉంటుంది. మా ఇంట్లో అవి ప్లేటు దాకా రావు, కత్తి పట్టుకున్న మనిషి నోట్లోకే పోతాయి.